కొండకు పోయే సెలవు

పోయిన వారం మోహనను ఓనరు గది తలుపు ముందు నిలబెట్టి మనం చల్లగా ఇంటికి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. చెమట పట్టిన అరచేతిని ల్యాబు కోటుకు తుడుచుకుంటూ, తలుపు తట్టడమా, వెనక్కి తిరిగి పోవడమా అని తేల్చుకోలేకపోతోంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన ఉన్న నీవా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మోహనది ల్యాబు ఉద్యోగం. లోపలికి వచ్చిన కాయ తీపిని, బయటికి పోయే గుజ్జు చిక్కదనాన్ని పరీక్ష చేసి చూడాలి. మొగుడు సుబ్రమణ్యం మామిడి రైతు, ఆమెకు సొంత మేనమామ. అత్తగారు జ్ఞానాంబ, అంటే ఆమె తల్లిని కన్న అవ్వ. మనవరాలే కోడలైతే ఇక పోరెక్కడిది? ఆ ఇంట్లో ముగ్గురూ కడుపునిండా తింటారు, కడుపునిండా నవ్వుకుంటారు. లేనిదల్లా ఒక బిడ్డ.

పెళ్ళయి ఎనిమిదేళ్ళు. తిరుపతిలో చూపించుకుంటున్న డాక్టరమ్మ మొన్న తేల్చి చెప్పేసింది. మాత్రలతో ఇంక కాలం గడపొద్దు, టెస్ట్‌ట్యూబు పద్ధతికి పోవలసిందే, అదీ ఈ ఏడే మొదలు పెట్టాలి అని. ఆ వైద్యానికయ్యే ఖర్చు ఫ్యాక్టరీవాళ్ళు ఉద్యోగులందరికీ కలిపి చేయించిన ఇన్సూరెన్సులో వస్తుంది. వస్తుంది గానీ, రెండేళ్ళలో ఎవ్వరూ వాడుకోలేదట. అందుకని ఈ శనివారం పాలసీ తిరగరాసేటప్పుడు ఆ ఒక్క సౌకర్యాన్నీ కొట్టేయబోతున్నారని కబురు. అది పోతే సుబ్రమణ్యం బావి కింది తోట అమ్ముతానంటున్నాడు. మోహన వద్దంటోంది. ఈ గొడవలో ఉండగానే ఓనరు పిలుస్తున్నాడని మనిషి వచ్చి చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

మోహన తలుపు తట్టింది.

"రామ్మా, రా. కూర్చో" అన్నాడు చెంగల్రాయుడు.

అరవై దాటిన మనిషి. తెల్ల చొక్కా, నుదుట సన్నని నామం, జేబులో కొత్తగా కొన్న సెల్‌ఫోను. ఎవరినీ కసురుకోడు, కానీ ఎవరి మాటా ఒక పట్టాన వినడు. కిటికీ పక్కన జాహ్నవి మూతి ముడుచుకుని కూర్చుని ఉంది. ఉద్యోగుల సెలవులు, జీతాలు, ఇన్సూరెన్సు ఆ అమ్మాయే చూస్తుంది. బెంగళూరులో ఏదో పెద్ద కంపెనీలో చేసి వచ్చిన పిల్ల. పిల్లల కోసం చేసుకునే వైద్యం కూడా పాలసీలో ఉండాలని ఓనరుతో పట్టుబట్టి పెట్టించింది తనే. ఆ మూతి ముడుపు చూడగానే మోహన గుండెలో రాయి పడింది.

"నిన్ను ఎందుకు పిలిస్తినో తెల్సునా?"

"తెలీదు సార్."

"మంచి మాటకే. భయపడబాక. ఈ జాహ్నవమ్మ రెండేండ్ల కింద నాతో కొట్లాడి ఇన్సూరెన్సులో పిల్లల వైద్యం గూడా పెట్టించె. సరే, సిన్నపిల్ల ముచ్చట పడతా ఉండాది గదా అని నేనూ ఒప్పుకుంటి. ఒక్కరంటే ఒక్కరు దాని మొగం సూడ్లేదు. మనోళ్ళకు ఆ బాధల్లేవమ్మా. స్వామి సల్లగా సూస్తా ఉండాడు."

"బాధల్లేక కాదు సార్" అంది జాహ్నవి. "అడిగేదానికి సిగ్గు."

"నన్ను చెప్పనీమ్మా." చెంగల్రాయుడు మోహన వైపు తిరిగాడు. "ఆ దుడ్డు ఊరికే ఇన్సూరెన్సోళ్ళకు పోసే బదులు, దాంతో మనోళ్ళకు నెలనెలా కొండకు బస్సు పెడదామనుకుంటా ఉండా. పొద్దున్నే ఈడ ఎక్కి, దర్శనం చేసుకోని, మళ్ళా ఈడనే దిగేది. ఎట్లుంది?"

"బాగుంది సార్" అంది మోహన. ఇంకేమంటుంది?

"దానికి పెద్ద నువ్వేనమ్మా. ఎవరిని ఎప్పుడు తీసకపోవాల, దర్శనం ఎట్ల, అంతా నీ చేతిలో పెడతా. ఈ ఫ్యాక్టరీలో నెల తప్పకుండా కొండకు పొయ్యే భక్తి నీకు తప్ప ఇంకెవరికుండాది?"

మోహనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ భక్తి కథ తెలిస్తే మీకూ తెలియదు.

మన చిత్తూరు జిల్లాలో సెలవు అడగడం ఒక విద్య. తలనొప్పి అంటే డాక్టరు చీటీ తెమ్మంటారు. పెళ్ళి అంటే ఎవరిదని అడుగుతారు. చావు అంటే ఏమవుతారని లెక్క తీస్తారు. కొండకు పోతున్నాను అంటే మాత్రం మారుమాట ఉండదు. ఎంతటి ఆఫీసరైనా అక్కడికక్కడే చేతులు జోడించి, నా పేరు కూడా ఒకసారి తలుచుకో అంటాడు. మోహన మొట్టమొదట డాక్టరమ్మ దగ్గరికి పోవలసి వచ్చినప్పుడు ఆమె నోటికి ఆ మాటే వచ్చింది. ఆస్పత్రి తిరుపతిలోనే ఉంది కాబట్టి సగం దారి నిజమే కదా అని మనసుకు సర్ది చెప్పుకుంది.

తిరిగి వచ్చిన మరునాడు కాయలు కోసే సెక్షనులో తిరుమలమ్మ చెయ్యి చాపింది. "లడ్డు యాడ మే?" కొండకు పోయి లడ్డు తేని మనిషిని ఎవరైనా నమ్ముతారా? కోతి ఎత్తుకుపోయింది అనేసింది. తిరుమలమ్మ నమ్మింది, జాలిపడింది, ఊరంతా చెప్పింది. ఆ రాత్రి మోహనకు కన్ను మూతపడలేదు. స్వామి పేరు చెప్పి అబద్ధమాడటం ఒక ఎత్తు, పైగా కోతి మీద నింద వేయడం ఇంకో ఎత్తు.

అప్పటి నుంచి ఎంత అలసట ఉన్నా, డాక్టరమ్మ దగ్గర పని కాగానే కొండ బస్సు ఎక్కేది. క్యూలో నిలబడేది. లడ్డు తెచ్చి అందరికీ పంచేది. నెల తిరిగితే చాలు మోహన కొండకు పోతుందని ఫ్యాక్టరీ అంతా తెలిసిపోయింది. పసుపు గుడ్డలో కట్టిన ముడుపులు ఒక్కొక్కటే ఆమె చేతికి రావడం మొదలయ్యాయి. తిరుమలమ్మ ముడుపు, వాచ్‌మన్ ముడుపు, చివరికి ఓనరు ముడుపు కూడా. చెంగల్రాయుడు తన ముడుపు తానే తెచ్చి ఇస్తాడు. ఇచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని ఏదో అనుకుంటాడు. కోరిక ఏమిటో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

అలా దాచడానికి పెట్టుకున్న పరదాయే ఇప్పుడు ఆమె నెత్తిన పడింది. నీ భక్తి మెచ్చాను, ఇదిగో బస్సు అంటున్నాడు ఓనరు. ఆ బస్సు కోసం తీసేస్తున్నది ఆమె ఆశనే అని ఆయనకు తెలియదు.

కిటికీలోంచి కాటా దగ్గర వరస కట్టిన ట్రాక్టర్లు కనిపిస్తున్నాయి. రెండోది సుబ్రమణ్యానిది. తలకు తువ్వాలు చుట్టుకుని, కాయల మీద కప్పిన గోనెపట్టా సర్దుతూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. పొద్దున ఇంట్లో జరిగిన మాటలు మోహనకు గుర్తొచ్చాయి.

"ఆఫీసులో చెప్పేస్తాను మామా" అంది తను, సంగటి ముద్ద గిన్నెలో పెడుతూ. "చెప్తే అందరికీ తెలిసిపోతుంది. నిన్ను గూడా నాలుగు మాటలంటారు."

"నన్నంటే అననీలే" అన్నాడు సుబ్రమణ్యం. "నిన్నంటేనే నాకు కష్టం. తోట అమ్మితే ఆ కష్టం గూడా ఉండదు గదా అంటా ఉండా."

"తోట అమ్మి బిడ్డను కంటే ఆ బిడ్డ యాడ ఆడుకుంటాదిరా?" అంది జ్ఞానాంబ పొయ్యి దగ్గర నుంచి. "మోహనా, చెప్పేయ్‌వే. ఈ ఊర్లో నోళ్ళకు నేనుండా. నువ్వు పని సూసుకో."

ఆ మాటకు ముగ్గురూ నవ్వుకున్నారు. నవ్వుతూనే చెప్పేద్దామని గడప దాటింది. ఇప్పుడు ఆ నవ్వు ఎక్కడ పోయిందో వెతికినా దొరకడం లేదు.

"ఏమ్మా, ఆలోచిస్తా ఉండావు? బస్సుకు నువ్వు పెద్దగా ఉంటావు గదా?"

"సార్." మోహన గొంతు సవరించుకుంది. "నేను నెలనెలా పొయ్యేది కొండకు కాదు సార్. అంటే కొండకు గూడా పోతాను. ముందు పొయ్యేది ఆస్పత్రికి."

"ఆస్పత్రికా? ఏం జబ్బమ్మా?"

"జబ్బు కాదు సార్. పిల్లల కోసం."

పక్కన చెక్క తడిక అవతల ఎవరో కంప్యూటరు మీటలు టకటక నొక్కుతున్నారు. జాహ్నవి మూతి ముడుపు విడిపోయి, నోరు తెరుచుకుంది. చెంగల్రాయుడు చేతిలో ఉన్న పెన్నును బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. ఆడపిల్లతో ఇలాంటి మాట మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు.

"మరి నేనిచ్చిన ముడుపు?" అన్నాడు చివరికి.

"ప్రతిసారీ హుండీలో వేసే వచ్చినాను సార్. ఎవరిదీ తప్పలేదు."

ఆయన ముఖంలో కొంచెం నెమ్మది కనిపించింది. "ఆ కోతి ఎత్తకపోయిన లడ్డు?"

"ఆ కోతి అబద్ధం సార్."

జాహ్నవి కిటికీ వైపు తిరిగి దగ్గింది. దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు. చెంగల్రాయుడు కూడా మీసం చాటున నవ్వాడు. నవ్వు పోయాక ఆయన ముఖం మెత్తబడింది. మోహన చెప్పవలసినదంతా అప్పుడే చెప్పేసింది. డాక్టరమ్మ మాట, శనివారం గడువు, తోట అమ్ముతానంటున్న మామ. చెప్పాక ఒంటి మీద నుంచి ఏదో బరువు దిగినట్టయింది. ఇన్నాళ్ళూ ఇంత చిన్న మాటనా మోసింది అనుకుంది.

"తోట అమ్మేదేందమ్మా" అన్నాడు చెంగల్రాయుడు. "నువ్వు నా బిడ్డట్లాంటిదానివి. ఆ ఖర్చు నేను పెట్టుకుంటా. నా చేతి నుంచి ఇస్తా. ఈ గది దాటి ఒకరికి తెలియాల్సిన పన్లే. జాహ్నవమ్మ నోరు మెదపదు. నువ్వు పోయి వైద్యం చేయించుకో. బస్సు పాటికి బస్సు పెడదాం. అందరికీ మంచిదే గదా?"

మనసు పెట్టి అన్న మాట. అందులో కల్మషం లేదు. మోహనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క మాట, సరే సార్ అంటే చాలు. తోట ఉంటుంది, గుట్టు ఉంటుంది, దేవుడు దయతలిస్తే బిడ్డా ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా ఇంతకంటే తేలికైన దారి ఆమెకు ఎవరూ చూపలేదు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

అప్పుడే బయట కాటా దగ్గర సుబ్రమణ్యం గొంతు పెరిగింది. కాయ నాణ్యంగా ఉంది, రేటు తగ్గించేది లేదు అని గుమాస్తాతో వాదిస్తున్నాడు. ప్రతి సీజనులో ఉండేదే ఆ వాదన. మామ అలా గట్టిగా మాట్లాడితే మోహనకు ఇష్టం.

"మీ మాట పెద్దది సార్" అంది మెల్లగా. "కానీ వద్దు."

"ఎందుకమ్మా?"

"అదో, వినండి సార్. మా మామ రేటు కాడ ఎట్ల అరస్తా ఉండాడో. మీ చేతి దుడ్డుతో మాకు బిడ్డ పుడితే, ఆయన ఇంక జన్మలో ఆ కాటా కాడ నోరెత్తడు. మీరు ఏమీ అనరు. ఆయనే అనుకుంటాడు. తల వంచుకోని కాయ దించి వచ్చేస్తాడు. అట్లాంటి మనిషిని నేను సూడలేను సార్."

చెంగల్రాయుడు కిటికీ వైపు చూశాడు. సుబ్రమణ్యం ఒక కాయను రెండుగా కోసి గుమాస్తా ముక్కు కింద పెట్టి చూపిస్తున్నాడు.

"ఇన్సూరెన్సు అయితే అది నా ఉద్యోగంలో ఉండాది సార్. జీతం మాదిరి. దానికి ఎవరికీ మొక్కాల్సిన పన్లే. నాకే కాదు, రేపు ప్యాకింగులో ఉండే పిల్లకు అవసరమైనా అదే. ఆ పిల్ల మీ గదిలోకొచ్చి, ఈ కుర్చీలో కూర్చోని, సార్ మీ చేతి నుంచి ఇవ్వండని అడుగుతాదా? చచ్చినా అడగదు."

"ఏ పిల్లకమ్మా?" అన్నాడు చెంగల్రాయుడు. గొంతులో కొంచెం చురుకు తగిలింది. ఇస్తానన్నదాన్ని వద్దంటే ఎంతటి పెద్దమనిషికైనా గుచ్చుకుంటుంది. "లేని పిల్లను తెచ్చి చెప్తా ఉండావు. ఉండేది నువ్వొక్కదానివి. నీకు నేనుండా అంటా ఉండా. ఇంక ఆ పాలసీ ఎవరికి?"

"నేనొక్కదాన్నే కాదు సార్."

మాట జారాక గానీ ఆమెకు తెలియలేదు.

"ఇంకెవరు?"

మోహన పెదవి కొరుక్కుంది. పోయిన నెల ఆస్పత్రి వరండాలో, డాక్టరమ్మ గది ముందు బెంచీ చివర ఒకామె చీర కొంగు తల మీదుగా ముఖానికి లాక్కుని కూర్చుని ఉంది. పేరు పిలిచినప్పుడు లేచి నిలబడింది. పల్లవి. చెంగల్రాయుడి ఒక్కగానొక్క కోడలు. ఈ గది పక్కనే, చెక్క తడిక అవతల కూర్చుని ఫ్యాక్టరీ లెక్కలు చూసే పల్లవి. ఇద్దరి చూపులూ కలిశాయి, కలిసినంత వేగంగా విడిపోయాయి. మరునాడు పల్లవి ల్యాబులోకి వచ్చింది. ఏ పనీ లేకపోయినా కాసేపు నిలబడింది. గుజ్జు సీసాలను ఒకటి రెండు చేత్తో ముట్టుకుని, ఏమీ అనకుండానే వెళ్ళిపోయింది. మోహన కూడా ఏమీ అనలేదు. ఆడవాళ్ళ మధ్య కొన్ని ఒప్పందాలకు మాటలతో పనిలేదు.

ఆ తర్వాతే, ఓనరు కళ్ళు మూసుకుని ఇచ్చే ముడుపులో ఏ కోరిక ఉందో మోహనకు అర్థమైంది. పెళ్ళయిన కొడుకు ఇంట్లో ఉయ్యాల కట్టాలని కాక ఆ పెద్దాయనకు ఇంకే కొరత ఉంది?

ఇప్పుడు ఆ ఒక్క పేరు చెబితే చాలు. వాదన ముగిసిపోతుంది. పాలసీ ఎక్కడికీ పోదు. ఓనరు తన చేత్తోనే సంతకం పెడతాడు. తోట, మామ, పుట్టబోయే బిడ్డ, అన్నీ ఆ పేరు అవతల నిలబడి ఆమె వైపే చూస్తున్నాయి.

"అడిగితే చెప్పవేమమ్మా? ఎవరామె?"

"చెప్పను సార్."

"చెప్పకపోతే నేనెట్ల నమ్మేది?"

"నా సంగతి నేను చెప్పుకున్నాను సార్. ఆమె సంగతి ఆమే చెప్పుకోవాల. సిగ్గు విడిచి నోరు తెరిచేదానికి నాకే ఇన్నేండ్లు పట్టింది. ఇంకొకరి నోరు నేనెట్ల తెరిచేది?" మోహన తల దించలేదు. "మీరు పాలసీ తీసేసినా సరే సార్, ఆ పేరు నా నోట రాదు."

చెంగల్రాయుడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఈ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ, కోపం పూర్తిగా రాలేదు. అయినా మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

"సరే. ఒక్క మనిషి కోసం అందరి పేరు మీదా పాలసీ కట్టలేను. జాహ్నవమ్మా, ఇన్సూరెన్సోళ్ళకు ఫోను కలుపు. తీసేయమని చెప్పేద్దాం."

జాహ్నవి లేవలేదు. "సార్, శనివారం దాకా టైముంది గదా."

"కలపమంటా ఉండానా?"

జాహ్నవి మోహన వైపు ఒకసారి దిగులుగా చూసి, ఫోను దగ్గరికి లాక్కుంది. నంబరు నొక్కబోతూ ఆగిపోయింది. తడిక అవతల ఇందాకటి నుంచి టకటకమంటున్న కంప్యూటరు మీటల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు మాత్రం ముగ్గురికీ వినిపించింది.

పక్క తలుపు తెరుచుకుని పల్లవి లోపలికి వచ్చింది. చేతిలో కాగితాల్లేవు, ఏదో లెక్క అడగడానికి వచ్చినట్టు లేదు. ముఖం పాలిపోయి ఉంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఉంది.

"ఏమ్మా పల్లవీ? మాట్లాడతా ఉండాం గదా. అరగంట ఆగి రా" అన్నాడు చెంగల్రాయుడు.

పల్లవి వెళ్ళలేదు. గోడ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని రెండు చేతులతో ఎత్తి తెచ్చి, మోహన కుర్చీ పక్కన వేసింది. ఆ ఇంటి కోడలిగా వచ్చిన నాటి నుంచి మామగారి ఎదుట ఆమె కూర్చున్నది లేదు. ఇంట్లో ఆయన వస్తే లేచి నిలబడుతుంది, ఈ గదికి వస్తే తలుపు దగ్గరే నిలబడి మాట్లాడుతుంది. ఆమె అత్తగారూ అంతే, ఆ అత్తగారి అత్తగారూ అంతేనట.

పల్లవి ఆ కుర్చీలో కూర్చుంది. చెయ్యి చాపి, ఒడిలో ఉన్న మోహన చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఇంకెవరు అని అడిగినారు గదా మామా" అంది.